కాటా ఎక్కిన మనిషి

నాకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి దెబ్బతిన్నాయి. కుడిచెయ్యి మిగిలింది కనుక ఇది రాయగలుగుతున్నాను. ప్రాణం దక్కి, కాలూ చెయ్యీ దక్కనప్పుడు మనిషి ఏ గడప ఎక్కాలో, ఆ గడప దగ్గర ఏమి అడుగుతారో, దానికి ఎలా జవాబు చెప్పాలో మాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. ఇంకొక ఇంటికి ఆ లోటు ఉండకూడదని, జరిగింది జరిగిన వరసలో పెడుతున్నాను. కోపంతో రాస్తున్నానని ఎవరికైనా అనిపిస్తే వారు పొరబడినట్టు కాదు.

మాది అరకు లోయకు పైన, కొండవాలు మీద ఉన్న గూడెం. తారురోడ్డు కింద కల్వర్టు దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి ఇళ్ళదాకా కాలిబాట, బాటంతా ఎక్కుడే. నేను అడవి సరుకు కొనే సహకార డిపోలో కాటా దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాను. చింతపండు, కరక్కాయలు, అడ్డాకులు, కొండచీపుళ్ళు తూచి, పుస్తకంలో ఎక్కించి, గిడ్డంగికి పంపడం నా పని. తేదీ వేసి రాసుకునే అలవాటు ఆ ఉద్యోగం ఇచ్చిందే. ఈనెలూ పెంకులూ కలిసిన చింతపండు తెస్తే నేను తూచేవాణ్ణి కాను. "బాగుచేసి తే" అని గోనె వెనక్కి ఇచ్చేవాణ్ణి. ఆ మాట ఎంతగా అన్నానంటే, సంతరోజు నన్ను చూడగానే ఆడవాళ్ళు గోనె మూతి విప్పుతూ, "బాగుసేసే తెచ్చినాం బాబూ" అని ముందే చెప్పేవారు. బాగుచేసిన సరుకుకు మంచి గ్రేడు. మా కొండల్లో కాటా అంటే ఇదే అర్థం. చదివేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలని మనవి.

వలిసెలు పూసిన కాలం

లోయంతా వలిసెపూలతో పచ్చగా పసుపు కక్కుతున్న రోజుల్లో, ఒక పొద్దున ముఖం కడుక్కుంటూ చెంబు జారవిడిచాను. వంగి తీసుకోబోయాను. చెయ్యి వెళ్ళింది గానీ వేళ్ళు మూసుకోలేదు. చెంబు నాదే, చెయ్యీ నాదే. రెండింటికీ మధ్య ఉండవలసినది ఏదో తెగిపోయింది. నా భార్య చిలకమ్మ పొయ్యి దగ్గరనుంచి చూసి, "ఏటి మావా, చెంబుతో మాటాడతన్నావు" అని నవ్వింది. జవాబు చెప్పబోయాను. నా నోట్లోంచి వచ్చిన చప్పుడు విని ఆమె నవ్వు ఆగిపోయింది.

గూడెం మగవాళ్ళు దుప్పటి ముడివేసి, వెదురుగడకు కట్టి డోలీ సిద్ధం చేశారు. డోలీ విషయంలో మా గూడేనికి ఒక పట్టింపు ఉంది. కదలలేని రోగి డోలీలో కొండ దిగుతాడు. నయమైతే తన కాళ్ళమీద ఎక్కి వస్తాడు. దారిలో ఎన్నిసార్లు కూర్చున్నా సరే, నడిచే రావాలి. పురిటికి డోలీలో దిగిన ఆడది కూడా పసికందును గుడ్డతో కట్టుకుని నడిచే ఎక్కుతుంది. డోలీ పైకి వస్తున్నదంటే అందులో శవం ఉన్నదని అర్థం. ఆస్పత్రిలో పోయినవాళ్ళను బండి కల్వర్టుదాకా తెస్తుంది, అక్కడినుంచి భుజాల మీద తెస్తారు. కింద బాట మలుపులో డోలీ కనబడగానే పై ఇళ్ళ ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకుంటారు. అందుచేత నన్ను దింపుతున్నప్పుడు చిలకమ్మ డోలీ పక్కన పరుగెడుతూ అన్న మాట ఒక్కటే. "నడిసి రావాల మావా. నువ్వు నడిసే రావాల." సరేనని తల ఊపాననుకున్నాను. ఊపానో లేదో తెలియదు.

మైదానంలోని పెద్ద ఆస్పత్రికి పంపారు. అక్కడి వైద్యం గురించి ఎక్కువ రాయను. ప్రాణం నిలిపారు, అందుకు కృతజ్ఞుణ్ణి. నాకు గుర్తున్నది వరండాలో వేసిన మంచం, ఎవరు నడిచినా నా తల పక్కనుంచే నడవడం, చిలకమ్మ ఒడియా కలిసిన మా మాటలో అడిగిన ప్రశ్న ఎవరికీ అర్థం కాక ఆమె మళ్ళీ మళ్ళీ అదే అడగడం. పక్కమంచం మీద తన అన్నను పెట్టుకుని కూర్చున్న సాలూరు ఆవిడ మాకు దుబాసి అయింది. అన్న కోసం తెచ్చిన గంజిలో కొంత నా గ్లాసులో పోసేది. ఆ అన్న పోయిన రోజున కూడా, వెళ్ళేముందు మా మంచం దగ్గరికి వచ్చి, "మీ ఆయన్ని ఎడంపక్కకి పడుకోబెట్టకమ్మా, సెయ్యి నలిగిపోద్ది" అని చెప్పి వెళ్ళింది. ఆమె పేరు అడగలేదు. నా డైరీలో సాలూరు ఆవిడ అనే ఉంది.

చలికాలం

ఇంటికి పంపుతూ డాక్టరు గట్టిగా చెప్పిన మాట ఇది. మొదటి నెలల్లోనే కాలు సాగదీసే వ్యాయామం చేయించాలి. ఆలస్యమైతే కండ బిగుసుకుపోతుంది, తరవాత ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంటికి అన్నారు గానీ, ఇల్లు కొండమీద ఉంది. నడిచే కాలు లేదు. కనుక కింద లోయలో రోడ్డు పక్కన మా అమ్మాయి సుభద్ర ఉండే రేకుల ఇంట్లో దిగాము. సుభద్ర ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తుంది. అల్లుడు నగరంలో కట్టుబడి పనుల్లో ఉంటాడు. ఒకే గది, సిమెంటు గచ్చు. పొగమంచు మధ్యాహ్నందాకా తలుపు దగ్గరే నిలబడేది. గుమ్మంలోంచి మా కొండ కనబడదు. అటు చూడ్డానికి బయటికి రావాలి, బయటికి రావడానికి ఇద్దరు పట్టుకోవాలి.

మండలంలో ఇంటింటికీ తిరిగి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు ఒకరున్నారని తెలిసింది. ఉమ గారు. ఆశా కార్యకర్త ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. ఉమ గారు నా కాలు పట్టుకుని, మడమ వంచి చూసి, "ఇంకా వదులుగానే ఉంది, బాగా వస్తుంది" అన్నారు. తరవాత ఫోన్ తీసి, నా వైకల్య సర్టిఫికెట్ నంబరు అడిగారు.

"అది లేదమ్మా."

"నంబరు కొట్టకపోతే మీ పేరు తెరుచుకోదు పెద్దాయనా. తెరుచుకోకపోతే నేను వచ్చి చేసినా చేసినట్టు కాదు. నా రోజుకు నేను లెక్క చూపించుకోవాలి."

"ఎప్పుడిస్తారు?"

"ఇప్పుడే ఇవ్వరు. కొన్ని నెలలు గడవాలి. ఇంక తగ్గేది కాదని తేలాక, శిబిరంలో చూసి ఇస్తారు."

చిలకమ్మ చేట పక్కన పెట్టి అడిగింది. "తగ్గేది కాదని తేలినాక నువ్వొచ్చి ఏటి సేత్తావమ్మా?"

ఉమ గారు ఫోన్ సంచీలో పెట్టుకున్నారు. ఆమెను తప్పుపట్టడం లేదు, ఆ నిబంధన ఆమె పెట్టింది కాదు. కానీ నిబంధనను విప్పి చూస్తే ఇలా ఉంది. కాలు బిగుసుకోకుండా చేసే మనిషి రావాలంటే, కాలు బిగుసుకుపోయిందన్న కాగితం ముందు రావాలి. డిపోలో నేను వింత ఉత్తర్వులు చాలా చూశాను. సరుకు కుళ్ళిన తరవాతే ఎండలో పెట్టవలసిందన్న ఉత్తర్వు మాత్రం చూడలేదు.

ఒక ఆదివారం ఉమ గారు తనంతట తాను వచ్చారు. మడమ ఎలా వంచాలో, మోకాలు ఎలా పట్టుకోవాలో, ఎంతసేపు ఆపాలో తల్లీకూతుళ్ళ చేత చేయించారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఇవాళ నేను ఇక్కడికి రాలేదు. మీరూ ఏమీ నేర్చుకోలేదు" అన్నారు. చిలకమ్మ ఆమె ఒడిలో గుప్పెడు రాజ్‌మా గింజలు పోసి, "ఇయ్యి కూడా మేం ఇయ్యలేదు" అంది. ఆ చలికాలంలో ఆ గదిలో నవ్వు వినబడ్డది అప్పుడే.

నేర్చుకున్నది నిలవలేదు. నేను మూలిగితే చిలకమ్మ చేతులు వెనక్కి తీసుకునేది.

"పట్టుకోయే అమ్మా, నేను వంచుతాను."

"నొప్పంటన్నాడు. వదిలీ."

"నొప్పని వదిలీస్తే కాలు కర్రైపోద్దని ఆవిడ సెప్పింది కాదేటి."

"నీకు కాలే కనబడతన్నాది గుంటా. మీ నాన్న కనబడ్డం నేదు."

"కనబడతన్నాడు కాబట్టే వంచుతన్నాను. నీలాగ కూకుని ఏడిత్తే ఎలగ?"

ఆ మాటతో చిలకమ్మ రెండు రోజులు కూతురి చేతి అన్నం ముట్టలేదు. ఇద్దరూ నా మేలే కోరారు. ఆ మేలు కింద నా కాలు నెమ్మదిగా గట్టిపడుతూ వచ్చింది. దాన్ని నేను ప్రతి ఉదయం చేత్తో తడిమి చూసుకునేవాణ్ణి, గోనెలో బెల్లం గడ్డకడుతుంటే బయటినుంచే తెలిసినట్టు తెలిసేది.

చింతపండు కాలం

చింతపండు రాలే రోజుల్లో గ్రామ సచివాలయం నుంచి కబురు వచ్చింది. ఫలానా రోజున ఆస్పత్రిలో వైకల్య నిర్ధారణ పరీక్ష ఉంది, హాజరు కావాలి. ఆశా కార్యకర్త ఆ కబురు మోసుకొచ్చి, చివర ఒక సలహా చేర్చింది. "డాక్టరు గారికి బాగా చూపించుకోండి బాబూ. మళ్ళీ ఇంత బేగి పిలవరు."

ఆమె ఉద్దేశం, వివరంగా చూపించుకోమని. మా ఇంట్లో ఆ మాట పడిన తీరు వేరు. పరీక్ష అన్నారు, శాతం వేస్తారన్నారు, బాగా చూపించుకోమన్నారు. జీవితమంతా బాగుచేసిన సరుకునే కాటాకు తెచ్చిన మనిషి చిలకమ్మ. బాగుచెయ్యని సరుకును వెనక్కి పంపిన మనిషిని నేను. ఇక వేరే అర్థం మాకు తోచే దారి లేదు.

ఆ రోజునుంచి సాధన మొదలుపెట్టాము. గోడ పట్టుకుని గచ్చు మీద తలుపుదాకా నడక. ఎడమచేతిని భుజందాకా లేపడం. గ్లాసు పట్టుకోవడం. శిబిరం రోజున చిలకమ్మ చీకటితోనే లేచి నీళ్ళు కాచింది. నలుగు పెట్టి స్నానం చేయించింది, గడ్డం గీయించింది, తలకు నూనె రాసి దువ్వింది. ఉతికిన పంచె కట్టి, నన్ను కాస్త దూరంనుంచి చూసి, "ఇప్పుడు సూడు, పెళ్ళికొడుకులాగున్నావు" అంది.

ఆస్పత్రి వరండా కిక్కిరిసి ఉంది. గూడెం కొత్తవీధి మండలం వైపునుంచి కూడా జీపుల్లో వచ్చారు. నేను తరవాత ఆలోచించుకుంటే కళ్ళకు కట్టిన దృశ్యం ఇది. కొండలనుంచి వచ్చిన ప్రతివాళ్ళూ నాలాగే తయారై వచ్చారు. కళ్ళు కనబడని ఒక ముసలాయన కొత్త చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. కాలు సన్నబడిన ఒక ఆడపిల్ల తలలో పూలు పెట్టుకుని, బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోకుండా గోడకు ఆని నిలబడి ఉంది. కింది ఊళ్ళవాళ్ళకు ఈ పద్ధతి తెలుసు. వాళ్ళు ఉన్నది ఉన్నట్టు వచ్చారు.

నా వంతు వచ్చింది. డాక్టరు తల ఎత్తకుండానే అడిగాడు. "నడవగలరా?"

నేను నోరు తెరిచేలోగా చిలకమ్మ చెప్పింది. "నడుస్తాడు బాబూ. బాగా నడుస్తాడు."

నడిచాను. నున్నటి పలకల గచ్చు, పక్కన గోడ. పళ్ళు బిగించి, కాలు ఈడ్చినట్టు కనబడకుండా తుంటితో ఎత్తి వేసి నడిచాను. చెయ్యి లేపమన్నారు, లేపాను. గ్లాసు పట్టుకోమనలేదు. అడగకపోయినా బల్లమీది పెన్ను పట్టుకుని చూపించాను. డాక్టరు "గుడ్" అన్నాడు. చిలకమ్మ ముఖం, డిపోలో తన గోనెకు మొదటి గ్రేడు పడిన రోజుల్లో ఉన్నట్టు ఉంది. తిరుగుదారిలో జీపులో ఎక్కిన ప్రతివాళ్ళకూ, "మా ఆయన పాసైపోనాడు" అని చెప్పింది.

ఫలితం సచివాలయంలో చదివి చెప్పారు. నలభై శాతానికి తక్కువ వచ్చింది, అర్హత లేదు.

"తక్కువొచ్చినాదా?" చిలకమ్మకు నమ్మకం కుదరలేదు. "అంత బాగా నడిసినాడు కదమ్మా. తక్కువెందుకేసినారు?"

కంప్యూటరు ముందున్న అమ్మాయి మెల్లిగా చెప్పింది. "బాగా నడిచినందుకే తక్కువేశారమ్మా. అది పోయినదానికి వేసే శాతం. మిగిలినదానికి కాదు."

చిలకమ్మ చాలాసేపు ఆ మాటను తిప్పి చూసింది. తరవాత కోపం లేకుండా, సరుకు గురించి మాట్లాడినట్టే అంది. "పాడుసరుకు తెమ్మని ముందే సెప్పొచ్చు కదేటి. పాడుసరుకే తెద్దుం."

వానలు

మళ్ళీ పరీక్ష కోరుతూ అర్జీ పెట్టుకున్నాము. వానలు దిగాయి. కొండవాగులు బాటలు కోసేశాయి. పైనుంచి మా ఇంటి కబురు ఎవరో ఒకరు తెచ్చేవారు. చూరు కారుతోంది, పెరట్లో మిరియాల తీగ పడిపోయింది, కుక్క పక్కింటికి అలవాటు పడింది. ఎదురుచూస్తూ కూర్చున్నవాడికి కబుర్లు మందు కాదు. సుభద్ర పనినుంచి వచ్చి కాలు వంచేది. మడమ ఒకప్పుడు వంగినంత వంగడం మానేసింది.

ఈసారి గూడెంవాళ్ళు సలహాలతో వచ్చారు. చిలకమ్మకు ఆ సలహాలు నచ్చాయి.

"ఈసారి నడవకు మావా. రెండడుగులేసి పడిపో."

"పడను."

"పడిపోడం కూడా నేను నేర్పాలేటి నీకు?"

"చింతపండు మీద నీళ్ళు జల్లి బరువు పెంచి తెచ్చినవాళ్ళను నేను ఏం చేసేవాణ్ణో నీకు తెలుసు."

"నాకు తెలుసులే. మా అక్క గోనె కూడా ఎనక్కిచ్చినావు." చేట అందుకుంటూ అంది. "సరుకు నీదే, కాటా నీదే. నీ ఇట్టం."

బాగుచేసిన సరుకూ తప్పే, నీళ్ళు జల్లిన సరుకూ తప్పే. ఉన్నది ఉన్నట్టు చూపించే మార్గం ఒకటి ఉండాలి. రోజుల తరబడి ఆలోచిస్తే నాకు తేలినది ఇది. కాటా పెట్టేముందు నేల సమంగా ఉన్నదో లేదో చూసుకోవడం మొదటి పని. సరుకుకు అది న్యాయం. మనిషికి కాదు. మా ఇంటినుంచి ఊటనీటి దగ్గరికి గాని, పాకకు గాని, పొలానికి గాని సమమైన నేల ఒక్క బారెడు లేదు. ఆ మనిషిని తెచ్చి నున్నటి గచ్చు మీద నడిపించి, నడుస్తున్నాడని రాసేశారు. ఇదంతా వివరంగా కాగితాల మీద రాసుకుని, బాట బొమ్మ కూడా గీసుకుని రెండో శిబిరానికి వెళ్ళాను.

ఈసారి చూసినది వేరొక డాక్టరు, వయసులో చిన్నావిడ. కాగితాలు చూపిస్తే, "ఇవన్నీ చదివే టైం లేదు పెద్దాయనా. బయట ఎంతమంది ఉన్నారో చూశారు కదా. నడవండి" అన్నారు.

"ఇక్కడ నడుస్తానమ్మా. పోయినసారీ నడిచాను. నేను ఉండేది ఇలాంటి నేల మీద కాదు. మీ ఆస్పత్రి వెనక జనరేటరు షెడ్డుకు మట్టిగట్టు ఒకటి ఉంది. మా ఇంటి ముందు నేల అచ్చం అలాగే ఉంటుంది. ఒక్కసారి అక్కడికి వచ్చి చూడండి."

వెనక వరసలోంచి ఎవరో, "ముసలాయన డాక్టరమ్మని కొండ ఎక్కిత్తాడట" అని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా ముఖం చూశారు, కిటికీలోంచి బయటి ముసురు చూశారు, లేచి వచ్చారు.

గట్టు చిన్నదే. పిల్లలు పరుగున ఎక్కేంత. కర్ర ఊని కుడికాలు వేశాను. ఎడమకాలు ఎత్తాను. ఎక్కుడు నేల మీద మడమ వంగాలి. వంగలేదు. పాదం వేళ్ళమీదే నిలిచి, జారి, మోకాలు మడిచి పడేసింది. నటించవలసిన అవసరం లేకపోయింది. అరచేతులకు బురద, ముఖానికి బురద. చిలకమ్మ "మావా" అని ఒక్క కేక వేసింది.

డాక్టరమ్మే ఒక పక్క పట్టుకుని లేపారు. ఆవిడ తెల్లకోటుకు మరక అయింది. "ఇది మొదటే చెప్పాల్సింది" అన్నారు.

"అడగలేదమ్మా. గచ్చు మీద అడిగారు, గచ్చు మీద చూపించాను."

ఆవిడ లోపలికి వెళ్ళి రాశారు.

మా కొండలవాళ్ళకు ఇక్కడ నా మనవి. శిబిరానికి వెళ్ళేటప్పుడు మంచి బట్టలు కట్టుకోండి, అది మన మర్యాద. కానీ పెద్దవాళ్ళ ముందు 'అవుద్ది బాబూ' అనే మన అలవాటును మాత్రం ఆ గుమ్మం బయట వదిలిపెట్టండి. ఏది చెయ్యలేరో అది చెప్పండి. లేనిది కల్పించకండి, ఉన్నదాన్ని దాచకండి. మీరు బతికే నేల ఎలాంటిదో అడిగినా అడగకపోయినా చెప్పండి. నలుగురం చెబితే ఎప్పటికైనా ఎవరో ఒకరు లేచి బయటికి వచ్చి చూస్తారు.

మళ్ళీ వలిసెలు

సర్టిఫికెట్ వచ్చేసరికి వలిసెలు మళ్ళీ పూశాయి. ఉమ గారు అధికారికంగా వచ్చారు. నంబరు కొట్టగానే ఫోన్లో నా పేరు తెరుచుకుంది. ఆమె మడమ పట్టుకుని వంచబోయి, ఆగి, మళ్ళీ వంచబోయారు. ఆ చేతులు ఆగిన తీరులోనే నాకు విషయం తెలిసింది.

"చెప్పండమ్మా."

"కండ బిగిసిపోయింది పెద్దాయనా. గదిలో తిరగడానికి పనికొచ్చేట్టు చేద్దాం. కొండ ఎక్కడానికి..." ఆమె గోడకేసి తిరిగి కాసేపు సంచీలో ఏదో వెతుక్కున్నారు.

సర్టిఫికెట్‌తో పాటు చక్రాల కుర్చీ మంజూరైంది. మంచి కుర్చీ. మా గూడెం బాటలో చక్రం తిరిగే చోటు లేదు. సుభద్ర ఇంటి ముందు రోడ్డుదాకా కూడా మెట్లే. ప్రస్తుతం దానిమీద గుమ్మడికాయలు ఉన్నాయి.

ఇంటికి వెళతానన్నాను. ఎలా అని అడిగారు. డోలీలో అన్నాను.

చిలకమ్మ ముఖం రంగు మారింది. "డోలీలో పైకా? బతికుండగానా?"

"అమ్మ సెప్పింది నిజమే నాన్నా," సుభద్ర అంది. తల్లీకూతుళ్ళు ఒక మాట మీద నిలబడడం ఆ ఏడాదిలో అదే మొదలు. "జనం ఏటనుకుంటారు? ఇక్కడ నీకేటి తక్కువైనాది?"

"నడిచే కాలు వచ్చేదాకా ఆగితే నేను పైకి వెళ్ళేది డోలీలోనే. అప్పుడు చూరు కారుతోందో లేదో చూసుకోలేను."

మరునాడు పొద్దున్నే చిలకమ్మ కల్వర్టు దగ్గరికి వెళ్ళి, సంతకు దిగిన మా గూడెం మగవాళ్ళను తానే ఆపి అడిగింది. వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఒకతను, "దించినోళ్ళం మేమే, ఎక్కించడానికేటి" అన్నాడు.

పడుకోబెట్టవద్దన్నాను. వెదురుగడకు దుప్పటి కురచగా కట్టించి, కూర్చున్నట్టు ఒరిగి, తల బయటికి కనబడేలా చేయించుకున్నాను. చిలకమ్మ ముందు నడిచింది. దారి పొడుగునా నేను చెట్లు చూశాను, వాగు చూశాను, ఏడాది కిందట నన్ను దింపినప్పుడు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. బాట మలుపు తిరిగాము. తల బయట పెట్టుకున్నా అంత దూరం నుంచి పైవాళ్ళకు కనబడేది డోలీయే కదా. మొదట ఒక గొంతు లేచింది, వెనక ఇంకొకటి, తరవాత గూడెమంతా.

చిలకమ్మ కొంగు బిగించి పరుగెత్తింది. "ఏడవకండర్రా. బతికే ఉన్నాడు. మా ఆయన బతికే వత్తన్నాడు."

గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. ఒకటి తగ్గలేదు. గంగులమ్మ పెద్దమ్మ, గూడెం మొత్తానికి పెద్దది, కళ్ళు సరిగా ఆనవు. ఎవరు పోయినా ఏడుపు ఎత్తుకునేది ఆమే. చెవిలో అరిచి చెప్పారు. ఆమె తల అడ్డంగా ఊపి, ఏడుపు నడుమనే, "ఎత్తుకున్న ఏడుపు మద్దిలో వదలకూడదు" అని, మళ్ళీ అందుకుంది.

మోసేవాళ్ళు నిలబడిపోయారు. నన్ను ఆమె గుమ్మం ముందు దించారు. ఆమె పాడుతూనే ఉంది.

"కాటా కాడ కూకున్న కొడకా, నా గోనె ఎనక్కిచ్చిన కొడకా. ఊట కాడికి ఎల్లే కాలు ఏటైపోనాదిరా. చెంబట్టిన చెయ్యి ఏటైపోనాదిరా. చూరెక్కి గడ్డి కప్పినోడివి, నీ చూరు ఎవులు కప్పుతారురా. కొండ దిగినోడివి కొండ ఎక్కనేకపోనావు కొడకా."

చిలకమ్మ ఆమెను పట్టుకోబోయింది. నేను వద్దన్నాను. రెండు శిబిరాల్లో నన్ను ఎవరూ అడగనివి ఆమె వరసగా చెబుతోంది. ఒక్కటీ తప్పు లేదు. నేను తల వంచుకుని చివరిదాకా విన్నాను.

ఏడుపు అయిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకుని, దగ్గరికి జరిగి, నా ముఖం చేతులతో తడిమింది. కుడి చెంప తడిమి, ఎడమ చెంప తడిమి, ఆ పక్క వేలాడుతున్న చేతిని ఎత్తి, బరువు చూసినట్టు చూసి, ఒళ్ళో పెట్టింది.

"బతికే ఉన్నావేటిరా?"

"ఉన్నాను పెద్దమ్మా."

"మరేటీ అనుకోకు," అంది. "పోయినంతకే ఏడ్సినాను."